జీవం నెం. 417, బరువు ముప్పై ఆరు

జీవం ఇల్లు చేరిన రోజు నుంచి లబ్ధిదారు చేయవలసిన పనులు ఇవి:

ఒకటి, ఉదయం జీవం నిద్ర లేచిన వేళ రాయాలి. రెండు, లేచి ఏ దిక్కుకు తిరిగిందో రాయాలి. మూడు, తాగిన నీళ్ళు లీటర్లలో రాయాలి, విడిచినవి అంచనాగా రాయాలి. నాలుగు, పెంటికలు లెక్కపెట్టి, దగ్గరి పదికి సర్ది రాయాలి. ఐదు, ఆకలి అరుపు, భయం అరుపు, కారణం లేని అరుపు వేరువేరు గళ్ళలో రాయాలి. ఆరు, జీవం ముభావంగా ఉంటే ఎర్ర సిరాతో రాయాలి. ఏడు, జీవం సంతోషంగా ఉంటే దానికి కారణం రాయాలి. ఎనిమిది, ప్రతి సోమవారం బరువు రాయాలి. తొమ్మిది, రాసినదాన్ని జీవానికి ఎదురుగా కూర్చుని ఒకసారి సరిచూసుకోవాలి. పది, పుస్తకాన్ని తడవకుండా, చిరగకుండా, ముఖ్యంగా జీవానికి అందకుండా దాచాలి. పదకొండు, రాయడం మరిచిపోయిన రోజున మరిచిపోయినట్లు రాయాలి.

కంబళ్ళపల్లి సన్నీరమ్మ ఈ పదకొండింటినీ మనవరాలి చేత రెండుసార్లు చదివించుకుంది. అంతా విని, వక్కాకు ఒక దవడ నుంచి ఇంకో దవడకు మార్చి అడిగింది.

"అంతా బాగుండాది మేయ్. మేపేది యాడుండాది?"

హొన్నూరమ్మ పుస్తకం మళ్ళీ తిరగేసింది. పచ్చ అట్ట, నూట ఎనభై పేజీలు, రోజుకొకటి. ప్రతి పేజీలో పద్నాలుగు గళ్ళు. పద్నాలుగోది అట్టడుగున అర అంగుళం వెడల్పున ఉంది.

"'ఇతరములు'లో వస్తాదేమో అవ్వా."

"అబ్బ! మేపేది ఇతరమా?" అంది సన్నీరమ్మ.

ఆ సీమలో గొర్రెనూ మేకనూ జీవమనే అంటారు. 'యువ జీవాల పెంపక ప్రోత్సాహక పథకం' వాళ్ళు ఆ ఒక్క మాట ఊరివాళ్ళ దగ్గర నేర్చుకుని, మిగిలినదంతా ఊరివాళ్ళకు నేర్పడానికి వచ్చారు. ఆ ఒక్క ఊళ్ళోనే చదువుకున్న యువతీయువకులు పద్దెనిమిది మందిని ఎంపిక చేసి, తలకొక గొర్రెపిల్లనూ ఒక పుస్తకాన్నీ ఇచ్చారు. నూట ఎనభయ్యో రోజుకు పుస్తకంలో జీవం బరువు ముప్పై కిలోలుంటే జీవం లబ్ధిదారుదే. లేకుంటే లారీ వచ్చి వెనక్కి తీసుకుపోతుంది. లారీ ఎక్కిన జీవం మళ్ళీ మేతకు రాదని ఆ ఊళ్ళో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు.

సన్నీరమ్మకు ఒకప్పుడు అరవై జీవాల మంద ఉండేది. మూతివాపు రోగం వచ్చిన ఏడు, పదిహేను రోజుల్లో దొడ్డి ఊడ్చిపెట్టుకుపోయింది. కొడుకూ కోడలూ బెంగుళూరికి కట్టడం పనికి పోయారు. ఏడేళ్ళుగా దొడ్డిలో గడ్డి మొలుస్తోంది. జీవాలు తొక్కవలసిన చోట గడ్డి మొలవడమంటే, ఆమె కంటికి, పొయ్యిలో పిల్లి పడుకున్నట్టే. అందుకని మొహాన తెల్లమచ్చ వేసుకుని, చెవికి 417 అనే పసుపుపచ్చ బిళ్ళ తగిలించుకుని ఆ ఆడపిల్ల దొడ్డిలో అడుగు పెట్టినప్పుడు, సన్నీరమ్మ దానికి దిష్టి తీసి, బొల్లి అని పేరు పెట్టి, పండక్కి కొట్టని కొబ్బరికాయ ఆ రోజు కొట్టింది.

ఇక హొన్నూరమ్మ. ఆ ఇంట్లో డిగ్రీ పట్టా చేత్తో పట్టుకున్న మొదటి మనిషి. కాలేజీ ల్యాబులో అందరూ పక్కవాళ్ళ రీడింగు చూసి రాసుకుంటే, ఈ పిల్ల తన లోలకం ఎలా ఊగితే అలాగే రాసి, పదికి మూడు మార్కులు తెచ్చుకుంది. రాయమన్నది రాయాలి, ఉన్నది రాయాలి. చదువు ఆమెకు నేర్పింది అదొక్కటే. ఆ ఒక్కటీ ఆమె గట్టిగా నేర్చుకుంది.

మొదటి సోమవారం పథకం పర్యవేక్షకుడు కుళ్ళాయప్ప మోపెడ్ మీద కొక్కెం కాటా వేసుకుని వచ్చాడు. సన్నీరమ్మ దొడ్డి తడికకు అడ్డంగా నిలబడింది.

"ఏందప్పా అది?"

"కాటా అవ్వా. జీవాన్ని తూచల్ల."

"తూచేదేంటికి? కోసేకా?"

"కోసేకి గాదు, రాసేకి."

"తూచేదంటే కసాయోడే తూస్తాడు. మా మామ అరవై ఏండ్లు మంద కాసినాడు. ఒక్కదాన్ని గూడ కొక్కేనికి తగిలియ్యలేదు. కొక్కెం చూసిన జీవానికి ఆయుస్సు ఉండదు. తీస్కపో దాన్ని."

"మరి బరువెట్ల తెలుస్తాది అవ్వా?"

సన్నీరమ్మ వంగి బొల్లి నడుం మీద నాలుగు వేళ్ళు ఆనించి, బొటనవేలితో పక్కన నొక్కి, వదిలింది. "పన్నెండు" అంది.

"చేత్తో చెప్పేది చెల్లదవ్వా. కాటాకైతే ముద్ర ఉండాది. నీ చేతికి ఏం ముద్ర ఉండాది?"

సన్నీరమ్మ ఒక్కతే కాదు, ఊళ్ళో పద్దెనిమిది ఇళ్ళూ ఇదే మాట అన్నాయి. విషయం పైకి వెళ్ళింది. మూడో రోజున జిల్లా పర్యవేక్షణాధికారి దశరథరామయ్య గారు జీపులో దిగారు. ఆయన ఏ మాటా చిన్నగా మొదలుపెట్టరు.

"స్థానిక మనోభావాలకు విఘాతం కలగరాదు. శాస్త్రీయతకు లోపం రారాదు. ఈ రెండింటి సమన్వయమే పరిపాలన" అని, ఆసుపత్రుల్లో మనుషులు ఎక్కి నిలబడే కాటా ఒకటి కింద పెట్టించారు. "లబ్ధిదారు జీవాన్ని ఎత్తుకుని దీనిపై నిలబడాలి. మొత్తం బరువు నుంచి లబ్ధిదారు బరువు తీసివేయాలి. మిగిలినది జీవం."

సన్నీరమ్మ ఆలోచించింది. చంకన బిడ్డను పెట్టుకుని తల్లి తూగితే దోషమేముంది? సరేనంది.

ముందు హొన్నూరమ్మ ఒక్కతే ఎక్కింది. యాభై రెండు. దశరథరామయ్య గారు ఆ అంకెను అట్ట లోపలి వైపున స్వయంగా రాసి, దాని మీద చెరగకుండా టేపు అంటించారు.

"ఇది స్థిరాంకం" అన్నారు.

హొన్నూరమ్మ సందేహిస్తూనే అడిగింది. "సార్, నా బరువు మారితే?"

"మీరు సైన్సు పట్టభద్రులు కదా? స్థిరాంకం అంటే ఏమిటి?"

"మారనిది సార్."

"మరి?" అన్నారు దశరథరామయ్య గారు, చాలా ప్రేమగా.

ఆమె బొల్లిని ఎత్తుకుని మళ్ళీ ఎక్కింది. అరవై నాలుగు. అందులో యాభై రెండు పోతే పన్నెండు.

"నేనేం జెప్తి?" అంది సన్నీరమ్మ. ఆ మాట రాయడానికి గడి లేదు.

రెండున్నర నెలలు అంతా సాఫీగా సాగింది. హొన్నూరమ్మ కోడి కూయకముందే లేచి బొల్లి ఎప్పుడు లేస్తుందో చూసేది. బొల్లి ఎక్కువగా తూర్పుకు తిరిగేది, ఎందుకంటే చెనిక్కాయ కట్టె, అంటే ఎండిన వేరుశనగ తీగల మోపు, తూర్పున ఉండేది. పెంటికలు లెక్కపెడుతుంటే సన్నీరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. "డిగ్రీ సదివిచ్చిండేది దీనికేనా సామీ!" అనేది. సోమవారం సోమవారం తూకం. పదమూడు, పద్నాలుగున్నర, పదహారు, పద్దెనిమిది. ప్రతిసారీ అవ్వ ముందుగా నడుం పట్టి చెప్పేది. కాటా తర్వాత ఒప్పుకునేది.

తర్వాత హొన్నూరమ్మకు టైఫాయిడ్ వచ్చింది.

ఇరవై రెండు రోజులు జ్వరం. గంజి తప్ప గొంతు దిగలేదు. లేచి నిలబడేసరికి పిల్ల కంబళి ఆరేసిన కట్టెలా ఉంది. అయినా సోమవారం సోమవారమే. గోడ పట్టుకుని వచ్చి, బొల్లిని ఎత్తుకుని కాటా ఎక్కింది. అవ్వ నడుం పట్టి "పంతొమ్మిది" అంది. కాటా అరవై మూడు అంది. అందులో యాభై రెండు పోతే పదకొండు.

హొన్నూరమ్మ ఆ అంకెను చాలాసేపు చూసింది. బొల్లిని తెచ్చిన కొత్తలో పన్నెండు. ఇప్పుడు పదకొండు. ఒకసారి ఒక్కతే కాటా ఎక్కింది. నలభై నాలుగు. తన ఎనిమిది కిలోలు ఎక్కడికి పోయాయో ఆమెకు తెలుసు. పుస్తకానికి తెలియదు. రాయమన్నది రాయాలి కాబట్టి పదకొండు అని రాసి, పై అధికారులకు ఒక అర్జీ కూడా రాసింది, తన స్థిరాంకాన్ని నలభై నాలుగుగా మార్చమని.

ఐదో రోజున జవాబు వచ్చింది. "లబ్ధిదారు బరువు తగ్గినట్లు తెలిపే రికార్డు జతపరచనందున అర్జీ తిరస్కరించడమైనది. లబ్ధిదారు బరువుకు సంబంధించి పుస్తకంలో ఎటువంటి గడి లేనందున అట్టి రికార్డు ఉండుటకు అవకాశం లేదని కూడా ఇందుమూలముగా తెలియజేయడమైనది."

ఆ వెనకే కుళ్ళాయప్ప మోపెడ్ దిగాడు.

"ఏం పాపా, జీవం పదకొండు కిలోలకు దిగిందంట?"

"ఎదురుగానే ఉండాది గదన్నా, చూడు."

బొల్లి పరుగున వచ్చి మోపెడ్ స్టాండును ఒక్క కుమ్ము కుమ్మింది. మోపెడ్ పక్కకు ఒరిగింది. కుళ్ళాయప్ప దాన్ని లేపి నిలబెట్టుకుంటూ నిట్టూర్చాడు.

"బాగనే కనపడ్తాంది. కనపడేదాన్నేం జేస్తాం పాపా? పైకి పొయ్యేది పుస్తకం."

పుస్తకం పైకి పోయింది, దశరథరామయ్య గారు కిందికి వచ్చారు. బొల్లి చుట్టూ మూడుసార్లు తిరిగారు. పుస్తకం చూశారు, బొల్లిని చూశారు, మళ్ళీ పుస్తకమే చూశారు.

"దీనిని గుప్త కృశత్వం అంటారు. జీవం పైకి పుష్టిగా ఉంటుంది. కృశత్వం రికార్డులో మాత్రమే బయటపడుతుంది. రికార్డు లేకపోయి ఉంటే ఈ జబ్బును మనం ఏనాటికీ కనుగొనగలిగేవాళ్ళం కాదు. ఇదీ రికార్డు ప్రాముఖ్యత."

బొల్లి మెడకు ఎర్ర రిబ్బను కట్టించారు. పురుగుల మందు మూడు మోతాదులు, బలం టానిక్కు రెండు సీసాలు ఇప్పించారు. నీరస జీవం నడవరాదు కాబట్టి మేతకు లబ్ధిదారు ఎత్తుకుని తీసుకుపోవాలన్నారు. నలభై నాలుగు కిలోల హొన్నూరమ్మ పంతొమ్మిది కిలోల బొల్లిని ఎత్తుకుని చేలగట్ల వెంబడి తూలుతూ పోతుంటే, ఎదురొచ్చినవాళ్ళు నీరసం ఎవరికో తేల్చుకోలేక పక్కకు తప్పుకునేవారు. చివరగా ఒక కాగితం చేతిలో పెట్టారు. నెల రోజుల్లో బరువు పుంజుకోకపోతే గడువుతో పని లేకుండా లారీ వస్తుంది.

ఆ సాయంత్రం హొన్నూరమ్మ పుస్తకం ముందు కూర్చుని కళ్ళు తుడుచుకుంది. సన్నీరమ్మ వచ్చి పక్కన కూర్చుంది. తర్వాత అడిగింది.

"మేయ్, ఆ కాటా మింద యావరు నిలబడేది?"

"నేను, బొల్లి."

"బొల్లి మేస్తాంది గదా?"

"మేస్తాంది."

"అయితే తక్కువయ్యింది యావరు? నువ్వే గదా. పుస్తకంలో జీవం చిక్కిపోతే జీవానికేంటికి టానిక్కు? నీకు పెట్టల్ల." అని లేచి, గంప కింది కోడిని పట్టుకుంది.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో రాగి సంకటి, నాటుకోడి పులుసు. నాటుకోళ్ళు అయిపోయాక ఉలవచారు, నెయ్యి. మధ్యాహ్నానికి బెల్లం వేసిన చెనిక్కాయల ఉండలు. టానిక్కు సీసాలు మాత్రం వృథా కాకుండా బొల్లే తాగింది.

"చాలవ్వా, కడుపు పగుల్తాది."

"ఇది నీకు గాదు, బొల్లికి. నోరు తెరువు."

హొన్నూరమ్మ చెప్పినమాట వినే పిల్ల. తిన్నది. సోమవారం వచ్చింది, కాటా ఎక్కింది. పదిహేను. మళ్ళీ సోమవారం, పంతొమ్మిది. ఆ పైది ఇరవై మూడు. నూట యాభయ్యో రోజుకు ఇరవై ఎనిమిది, నూట అరవై ఐదుకు ముప్పై మూడు. బొల్లి కూడా తన పాటికి తాను తుమ్మకాయలు తిని ఒద్దికగా పెరుగుతోంది. కానీ దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

దశరథరామయ్య గారు ఈసారి దండతో వచ్చారు. వెంట ఇద్దరు ఫొటోలు తీసేవాళ్ళు.

"యాభై ఐదు రోజుల్లో మూడింతలు! పశువిజ్ఞాన చరిత్రలో ఇది మైలురాయి. చెప్పండమ్మా, ఏ ఆహారం ఇచ్చారు?"

"సార్, బొల్లికి తుమ్మకాయలు, చెనిక్కాయ కట్టె, అవిశాకు..."

"అవి అందరూ ఇస్తున్నారు. ఇదిగో, మీ కోసం తెచ్చిన ఈ కొత్త ఫారం చూడండి. 'బరువు పెరుగుటకు కారణమైన ఆహారము.' నిజం రాయండి."

నిజం రాయమంటే హొన్నూరమ్మ అబద్ధం రాయలేదు. బరువు పెరగడానికి కారణమైన ఆహారమేదో ఆమెకు బాగా తెలుసు. రాసింది. రాగి సంకటి రెండు ముద్దలు, నాటుకోడి పులుసు, నెయ్యి, చెనిక్కాయల ఉండలు ఐదు.

దశరథరామయ్య గారు చదివి, కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"గొర్రె! కోడి పులుసు! ఎవరికీ తట్టలేదు చూశారా?" అన్నారు, ఫొటోలవాళ్ళ వైపు తిరిగి.

"సార్, అది తిన్నది..."

"వినయం వద్దమ్మా."

మూడో రోజుకే జిల్లా అంతటికీ సర్క్యులర్ వెళ్ళింది. "యావన్మంది లబ్ధిదారులు తమ జీవాలకు ప్రతి దినము రెండు పూటలా నాటుకోడి పులుసుతో కూడిన రాగి సంకటి విధిగా అందించవలెను. జీవము తిరస్కరించిన పక్షంలో అట్టి ఆహారమును వృథా చేయరాదు."

పన్నెండు వందల గొర్రెపిల్లల ముందు పన్నెండు వందల గిన్నెలు పెట్టారు. పన్నెండు వందల గొర్రెపిల్లలూ వాసన చూసి, తుమ్మి, మొహం తిప్పుకున్నాయి. ఏ దిక్కుకు తిప్పుకున్నాయో అందరూ రాశారు. ఆహారం వృథా చేయరాదు కాబట్టి, లబ్ధిదారులు ఆ గిన్నెలు తమ ముందుకు లాక్కుని నియమం ప్రకారం తిన్నారు. సోమవారం వచ్చింది. జీవాలను ఎత్తుకుని కాటాలు ఎక్కారు. జిల్లాలో ఒక్క మినహాయింపు కూడా లేకుండా ప్రతి జీవమూ బరువు పెరిగింది.

"శాస్త్రీయ నిరూపణ అంటే ఇది" అన్నారు దశరథరామయ్య గారు.

కుళ్ళాయప్పకు మాత్రం ఎక్కడో అనుమానం తగిలింది. అన్ని ఊళ్ళూ తిరిగేవాడు అతనే. జీవాలు జీవాలుగానే ఉన్నాయి. చొక్కాల బొత్తాలు మాత్రం ఊడుతున్నాయి. కానీ బొత్తాలకు గడి లేదు.

నూట డెబ్బై ఎనిమిదో రోజున అతను మోపెడ్ ఆపి, దిగకుండానే చెప్పాడు.

"పాపా, నీ జీవాన్ని ఆదర్శ జీవంగా ఎంచినారు. జిల్లా ఆఫీసులో పెద్ద బోనులో పెట్టి జనాలకు చూపిస్తారంట. శాశ్వతంగా. ఎల్లుండి లారీ వస్తాది."

"ముప్పై కిలోలు దాటితే మాదే అన్నారు గదన్నా?"

"ముప్పై దాటితే మీది. ముప్పై ఐదు దాటితే జాతి సంపదంట. కొత్త సర్క్యులరు."

హొన్నూరమ్మకు లెక్క అర్థమైంది. తక్కువైతే లారీ, ఎక్కువైనా లారీ. లోపల సన్నీరమ్మ పొయ్యి దగ్గర ఉలవచారు కలుపుతున్నదల్లా ఆపేసింది.

ఆఖరి రోజున దశరథరామయ్య గారు, కుళ్ళాయప్ప, లారీ అందరూ ఒకేసారి వచ్చారు. హొన్నూరమ్మ చివరిసారి బొల్లిని ఎత్తుకుని కాటా ఎక్కింది. ఎనభై ఎనిమిది. జీవం ముప్పై ఆరు. దశరథరామయ్య గారు పుస్తకం మూయబోతుంటే ఆమె చేతులు కట్టుకుని నిలబడింది.

"సార్, ఒక మాట. అది బొల్లి బరువు కాదు సార్. నాది. పులుసు తిన్నది నేను. ఇప్పుడు నేను అరవై కిలోలున్నాను."

దశరథరామయ్య గారి మొహంలో రంగు మారింది. "అంటే స్థిరాంకం తప్పంటారా? అమ్మాయీ, ఆ స్థిరాంకం మీద ఈ జిల్లాలో పన్నెండు వందల జీవాలు నిలబడి ఉన్నాయి."

"ఒక్కసారి నన్ను తూచి చూడండి సార్."

"చూడటానికేముంది? రికార్డు ఉండగా?" అని ఆయన కలం తీశారు. "మొత్తం ఎనభై ఎనిమిది. జీవం బరువు పుస్తకం ప్రకారం ముప్పై ఆరు. తీసివేస్తే?"

"యాభై రెండు సార్" అంది హొన్నూరమ్మ. లెక్క తప్పు చెప్పడం ఆమెకు చేతకాదు.

"గ్రాము తేడా లేదు" అన్నారు ఆయన. కుళ్ళాయప్ప ఆకాశం వైపు చూశాడు.

లారీ తలుపు కిందికి దించారు. బొల్లి మెడకు తాడు పడింది. అప్పుడు సన్నీరమ్మ దొడ్డిలో నుంచి వచ్చింది. ఒకసారి వంగి, బొల్లి నడుం మీద నాలుగు వేళ్ళు ఆనించి, బొటనవేలితో నొక్కి, వదిలింది. ఈసారి అంకె పైకి చెప్పలేదు. దశరథరామయ్య గారి వైపు తిరిగింది.

"సారూ, తూచకుండా తీస్కపోతే ఎట్ల?"

"ఇప్పుడే తూచాం కదమ్మా."

"అది మా పాప చంకలో తూచినారు. లారీలో మా పాప రాదు గదా. దావలో రోంత బరువు తగ్గిందనుకో, 'జాతి సంపద యాడికి పాయ?' అని రేప్పొద్దున మా పాపను అడుగుతారు. మిమ్మల్ని గూడ అడుగుతారు. ఆ కొక్కెం తెప్పించండి. జీవం బరువు జీవానికి రాస్కోని, సంతకం పెట్టి తీస్కపోండి."

'మిమ్మల్ని గూడ అడుగుతారు' అన్న మాట దశరథరామయ్య గారికి సూటిగా తగిలింది. జీవితమంతా ఆయన ఆ ఒక్క మాటకే భయపడుతూ వచ్చారు. కొక్కెం తెమ్మన్నారు.

"అవ్వా! కొక్కేనికా? నువ్వేనా చెప్పేది?" అంది హొన్నూరమ్మ.

"నేనే" అంది సన్నీరమ్మ. అని, కంబళి తల మీదికి లాక్కుని, అటు తిరిగి నిలబడింది. ఆ ఇంట్లో మూడు తరాలుగా జీవం కొక్కేనికి వేలాడటం ఎవరూ చూడలేదు.

బొల్లిని జోలెలో పెట్టి తగిలించారు. కాటా ముల్లు ఊగి, ఆగింది.

"ఇరవై ఎనిమిది" అన్నాడు కుళ్ళాయప్ప.

కంబళి లోపల సన్నీరమ్మ తల ఒకసారి కిందికీ పైకీ ఆడింది.

దశరథరామయ్య గారు మూడుసార్లు తూయించారు. మూడుసార్లూ ఇరవై ఎనిమిదే. ఆయన పుస్తకం తెరిచారు. ముప్పై ఆరు. బొల్లిని చూశారు. ఆలోచించారు. పుస్తకం తప్పయ్యే ప్రసక్తి లేదు కాబట్టి ఇక మిగిలింది ఒక్కటే దారి.

"ఇది నాలుగు వందల పదిహేడు కాదు" అన్నారు.

"చెవికి బిళ్ళ ఉండాది సార్, 417 అని" అన్నాడు కుళ్ళాయప్ప.

"బిళ్ళ ఎవరైనా పెట్టుకోవచ్చునయ్యా. ముప్పై ఆరు కిలోలు ఎవరైనా ఉండగలరా? ఇది వేరే జీవం. పథకానికీ దీనికీ సంబంధం లేదు. బిళ్ళ తీసేసి తోలేయండి."

బిళ్ళ తీశారు. బొల్లి చెవి దులుపుకుని, నేరుగా తూర్పుకు, చెనిక్కాయ కట్టె మోపు దగ్గరికి పోయింది.

"మరి అసలు 417 ఎక్కడ?" అన్నారు దశరథరామయ్య గారు, పుస్తకం తిరగేస్తూ. జాతి సంపద మాయమైంది. సంతకం తనది.

అక్కడ హొన్నూరమ్మ నోరు మూసుకుని ఉంటే కథ ఇక్కడే ముగిసేది. కానీ పిల్ల ఉన్నదున్నట్టు చెప్పే పిల్ల.

"అంతా తెలీదు సార్. ఎనిమిది కిలోలు మాత్రం నా దగ్గర ఉన్నాయి."

దశరథరామయ్య గారు ఆమెను తొలిసారి నిజంగా చూశారు. ఒక్కతెనే కాటా ఎక్కించారు. అరవై. స్థిరాంకం యాభై రెండు పోగా, ఎనిమిది. ఆయన మొహంలోకి ప్రాణం వచ్చింది. పూర్తిగా మాయమైన దానికీ, కొంత ఆచూకీ దొరికిన దానికీ ఆఫీసులో చాలా తేడా ఉంటుంది.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. "జీవం నెం. 417లో ఎనిమిది కిలోలు లబ్ధిదారు శరీరమునందు భద్రముగా ఉన్నట్లు నిర్ధారణ అయినది. అట్టి ఎనిమిది కిలోల సంరక్షణ బాధ్యత లబ్ధిదారుదే. ప్రతి నెల మొదటి సోమవారము సదరు ఎనిమిది కిలోలను జిల్లా కార్యాలయమునందు తనిఖీ నిమిత్తము హాజరుపరచవలెను."

హొన్నూరమ్మ హాజరుపరుస్తోంది. పెద్ద బోను ఎలాగూ చేయించారు కాబట్టి, దాని పక్కన ఒక కుర్చీ వేశారు. పైన 'ఆదర్శ జీవం' అని బోర్డు. ఆమె ఒక గంట కూర్చుంటుంది. బడిపిల్లలు వరసగా వచ్చి చూసిపోతారు. గుమాస్తా పుస్తకం తెచ్చి, వచ్చిన వేళ, కూర్చున్న దిక్కు రాసుకుని, "ఈ నెల అరుపులేమన్నా ఉన్నాయా మేడమ్?" అని అడుగుతాడు. లేవంటుంది. టీ ఇస్తారు. ఎనిమిది కిలోలు తగ్గకూడదు కాబట్టి బిస్కెట్లు కూడా ఇస్తారు.

బొల్లి ఏ పుస్తకంలోనూ లేదు. పోయిన చలికాలం జంట పిల్లల్ని ఈనింది. దొడ్డిలో గడ్డి లేదు, మూడు జీవాలు తొక్కి నున్నగా చేశాయి. తూకాలు లేవు.

ఆ పచ్చ అట్ట పుస్తకాన్ని మాత్రం జిల్లా ఆఫీసులో అద్దాల బీరువాలో పెట్టారు. ఎవరైనా చూడవచ్చు. బొల్లి ఎన్ని గంటలకు లేచిందో ఉంది, ఏ దిక్కుకు తిరిగిందో ఉంది, కారణం లేకుండా ఎన్నిసార్లు అరిచిందో ఉంది. దానికి తుమ్మకాయలు ఏరుకొచ్చిందెవరో, దాన్ని ఎత్తుకున్న పిల్లకు ముద్దలు కలిపి పెట్టిందెవరో రాయడానికి గడి లేదు. అప్పగించే ముందు ఆఖరి పేజీలో హొన్నూరమ్మ రాయాలని చూసింది. 'ఇతరములు' అర అంగుళమే. 'మా అవ్వ' అని పట్టింది, పేరు పట్టలేదు.

ఆమె పేరు సన్నీరమ్మ. ఊరు కంబళ్ళపల్లి. కాస్త గుర్తుపెట్టుకోండి.